వాలిన అక్షరం, ఒరిగిన అక్షరం

మొన్న ఒక మధ్యాహ్నం పక్క కుర్చీలో పని చేసుకుంటున్న అబ్బాయి తన స్క్రీన్‌ని నా వైపు తిప్పి, “అక్కా, తెలుగు ఒరిగిపోయిందేంటి?” అన్నాడు.

మేం నలుగురం కలిసి తెలుగు మాధ్యమం పిల్లలకు పైథాన్ నేర్పే పాఠాలు తయారు చేస్తున్నాం. కోడ్ ఇంగ్లీషులోనే ఉంటుంది, తప్పదు. హ్యాష్ గుర్తు పెట్టాక వచ్చే వ్యాఖ్య మాత్రం మనిషి కోసం మనిషి రాసేది, యంత్రం దాన్ని దాటేసి పోతుంది. ఆ వ్యాఖ్యల్ని తెలుగులో రాస్తున్నాం. కోడ్ అంతా ఐబీఎం ప్లెక్స్ మోనో అనే ఫాంట్‌లో పెట్టాం. వ్యాఖ్యలకు ఆ కుటుంబంలోనే ఉన్న లైట్ ఇటాలిక్ వాడాం: సన్నగా, కుడివైపుకి వాలి, ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పుతో ఉంటుంది. అబ్బాయి చూపించిన చోట రెండు వ్యాఖ్యలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైది ఇంగ్లీషు, కిందది తెలుగు. రెండింటికీ మేం ఇచ్చిన ఆదేశం ఒక్కటే.

“మరి పైన ఇంగ్లీషో?” అని అడిగాను.

“అది ఇటాలిక్ కదక్కా. బానే ఉంది.”

ఒకే ఆదేశానికి లోబడిన రెండు వరుసల్లో ఒకటి ఇటాలిక్ అయింది, రెండోది ఒరిగిపోయింది. అక్షరాలు గీసేవాళ్లు పుస్తకాలు రాసి మరీ చెప్పే తేడా ఇది. ఆ అబ్బాయి దాన్ని ఆలోచించి అనలేదు. నోట్లో ఉన్న తెలుగు మాట వచ్చింది, అంతే. ఆ సాయంత్రం నుంచి రెండు క్రియలు నా వెంట తిరుగుతున్నాయి. ఒకటి ఒరగడం, ఇంకొకటి వాలడం.

కరెంటు స్తంభం ఒరుగుతుంది. నానిన మట్టిగోడ ఒరుగుతుంది. గడ్డి ఎక్కువైన బండి మలుపులో ఒక పక్కకి ఒరుగుతుంది. పెద్ద గాలికి అరటితోట మొత్తం ఒరుగుతుంది. యుద్ధంలో వీరుడు నేలకొరుగుతాడు. వీటన్నిటిలో ఉన్నది ఒకటే సంగతి: నిలువుగా ఉన్న వస్తువు నిలువు తప్పింది, దాని ఆకారం మాత్రం మారలేదు. ఒరిగిన స్తంభం అదే స్తంభం. ఒరిగిన గోడలో ఇటుకల వరుస అదే వరుస. మనుషులు కూడా ఒరుగుతారు, తలుపుకి ఒరిగి నిలబడతారు. కానీ అలా ఒరగడానికి ఒక తలుపో స్తంభమో కావాలి, అది లేకపోతే పడిపోతారు.

వాలడం అలా కాదు. కాకి వచ్చి పిట్టగోడ మీద వాలుతుంది. వాలే ముందు దాన్ని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది, ఒళ్లంతా మారిపోతుంది. రెక్కలు ఒక్కసారి వెనక్కి విచ్చుకుంటాయి, తోక విసనకర్రలా కిందికి దిగుతుంది, కాళ్లు ముందుకొస్తాయి, ఆ తర్వాత అన్నీ ముడుచుకుంటాయి. అలసిపోయి ఇంటికొచ్చిన మనిషి కుర్చీలో వాలినప్పుడు వెన్నెముక వదులవుతుంది, మెడ పక్కకి తిరుగుతుంది. నిద్రొచ్చిన పిల్ల అమ్మ భుజం మీద తల వాల్చినప్పుడు ఆ భుజానికి తగ్గట్టు తన ఒంటినే మలుచుకుంటుంది. నడుం వాల్చడం, రెప్ప వాల్చడం, మంచం వాల్చడం, పొద్దు వాలడం, పిలిచీ పిలవకముందే వచ్చి వాలిపోవడం. అన్నిట్లోనూ ఒక చోటికి చేరడం ఉంది, చేరేటప్పుడు తన రూపం తాను సర్దుకోవడం ఉంది. తెలుగులో వాలడం పడిపోవడానికి మెట్టు కాదు. చాలాసార్లు అది విశ్రాంతికి మెట్టు.



అక్షరాల లోకంలో ఈ తేడా ఎలా ఉంటుందో ఒక్క అక్షరం దగ్గర పెట్టుకుని చూద్దాం. ఇంగ్లీషు చిన్న ‘ఏ’ తీసుకోండి. అచ్చు పుస్తకంలో నిటారుగా నిలబడ్డప్పుడు దానికి రెండంతస్తులుంటాయి, కింద పొట్ట, పైన గొడుగులా వంగిన కొక్కెం. చేత్తో రాసేటప్పుడు ఆ గొడుగు ఎవరూ వెయ్యరు. ఒక సున్న చుట్టి పక్కన గీత దించుతారు. మంచి ఇటాలిక్ గీసిన మనిషి నిటారు ‘ఏ’ని తీసుకుని పక్కకి వంచడు. చేతిరాతలోని ఆ రెండో ‘ఏ’ని తెచ్చి పెడతాడు. చాలా ఇటాలిక్‌లలో ‘ఎఫ్’ కాలు గీత కిందికి దిగుతుంది. ‘ఐ’, ‘ఎన్’, ‘యు’ చివర్లలో కలం ఎత్తినప్పుడు మిగిలే చిన్న ఒంపు ఉంటుంది. ఇదే వాలడం. అక్షరం తన రూపం తాను మార్చుకుని కొత్త చోట కూర్చుంది.

రెండో పద్ధతి కూడా ఉంది. నిటారు అక్షరాన్ని తీసుకుని, అడుగు కదలకుండా పట్టి, తలని లెక్క ప్రకారం కుడికి తొయ్యడం. ఇంగ్లీషులో దీన్ని ఆబ్లిక్ అంటారు. దీన్ని కూడా ఓపిగ్గా సరిదిద్ది గీసే మంచి కళాకారులున్నారు, ఆ పనిని నేను తక్కువ చెయ్యను. కానీ ఫాంట్‌లో వాలు రూపమే లేనప్పుడు బ్రౌజర్ తనంతట తాను చేసే తోపుడు వేరు. వెబ్ పేజీల ప్రమాణంలో కోణం చెప్పకపోతే ఆబ్లిక్ అంటే 14 డిగ్రీలు అని రాసి ఉంది. అక్షరం ఏదైనా, భాష ఏదైనా, చేసేది ఆ తోపుడే.

తోసినప్పుడు ఏమవుతుందో మన సున్న మీద చూడండి. గుండ్రంగా, చుట్టూ ఒకే మందంతో ఉన్న సున్నని పక్కకి తోస్తే అది కోడిగుడ్డవుతుంది. దాంతో ఆగదు. ఎడమ పై భుజం దగ్గర, కుడి కింది మూల దగ్గర గీత సాగి సన్నబడుతుంది. కుడి పై భుజం, ఎడమ కింది మూల కుదించుకుని లావెక్కుతాయి. ఇంగ్లీషులో నిలువు గీతలు ఎక్కువ కాబట్టి ఈ వికారం కొంత దాగుతుంది. తెలుగు ఒళ్లంతా గుండ్రమే. ఠ, ర, బ, చ, ళ, అన్నీ వంపులే. పైన తలకట్టు అసలే ఒక వాలు గీత. ఆ గీతని ఇంకా కుడికి తోస్తే అది అక్షరాన్ని వదిలి పక్క అక్షరం మీదికి పోతుంది. కింద వత్తు అడుగు పట్టుకుని వెనకబడుతుంది. ఆ అబ్బాయి చూసింది అదే. తెలుగు వాలలేదు, దాన్ని ఎవరో ఒరగబెట్టారు.

ఒరగబెట్టడం అన్న మాట వాడాను కాబట్టి ఒక్క క్షణం అక్కడే ఆగుతాను. “ఏం ఒరగబెట్టావు?” అని అడుగుతాం. “దీనివల్ల మనకి ఒరిగిందేమిటి?” అంటాం. ఒరగడానికి లాభం అనే అర్థం ఎక్కడిదని ఆలోచిస్తే నాకు త్రాసు కనిపిస్తుంది, మన వైపు ఒరిగిన తట్ట మన లాభం. ఇది నేను పట్టుకున్న బొమ్మే తప్ప నిఘంటువు చెప్పింది కాదు. తెలుగును 14 డిగ్రీలు ఒరగబెట్టడం వల్ల తెలుగుకి ఏమీ ఒరగలేదు. ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇక ఇటాలిక్ అనే మాట. మన డీటీపీ సెంటర్లలో, ఆఫీసుల్లో, పిల్లల కంప్యూటర్ క్లాసుల్లో అందరూ అనేది ఈ మాటే. ఇటలీది అని దీని అర్థం. ఇటలీలో మాత్రం దీన్ని ఇటాలిక్ అనరు, కోర్సివో అంటారు. బొంబాయి రవ్వని బొంబాయిలో బొంబాయి రవ్వ అనరు కదా, రవా అంటారు. ఊరి పేరు పెట్టేది ఎప్పుడూ పొరుగువాళ్లే. వెనిస్ నుంచి వచ్చిన కొత్త అక్షరాన్ని ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఇటలీ అక్షరం అన్నారు. కోర్సివో అంటే పరిగెత్తేది. జర్మన్లు కుర్సివ్ అన్నప్పుడు కూడా ఆ పరుగునే అన్నారు.

ఆ పరుగుకి మూలం లాటిన్‌లోని కుర్రెరె, పరిగెత్తడం. ఆ క్రియకి పుట్టిన ఇంకో బిడ్డ కర్సర్. లాటిన్‌లో కర్సర్ అంటే పరుగు మనిషి, వార్త మోసుకుపోయే వాడు. ఇప్పుడు నా తెర మీద వరుస చివర మిణుకుమిణుకుమంటూ నిలబడ్డది కూడా కర్సరే. అది నడిచిన దారిలో వాలిన వ్యాఖ్య కోర్సివో. ఒక తల్లి బిడ్డలు ఇద్దరు ఒకే వరుసలో ఉన్నారని తెలిశాక ఆ వరుసని నేను మునుపటిలా చూడలేకపోతున్నాను.

ఇటలీ అనే పేరులో కూడా ఒక చిన్న వాత్సల్యం దాగుంది. ప్రాచీన రచయితలే ఆ పేరుని ఎద్దులతో, దూడలతో ముడిపెట్టారు. రోమ్ మీద తిరగబడ్డ ఇటలీ జాతులు క్రీస్తుకు పూర్వం 90 ప్రాంతంలో ముద్రించుకున్న నాణేల మీద ఆస్కన్ భాషలో ‘వితేలియు’ అని ఉంటుంది. లాటిన్‌లో దూడ వితులుస్. సంస్కృతంలో దూడ వత్స. ఈ రెంటికీ మూలం ఒకటే, ఏడాది అనే అర్థం ఉన్న పాత ఇండో యూరోపియన్ ధాతువు. ఏడాది వయసుది దూడ. ఆ పాత వ్యుత్పత్తిని నమ్మితే ఇటాలిక్‌లోనూ మన వాత్సల్యంలోనూ ఒకే లేగదూడ గంతులేస్తోంది.

ఆ అక్షరం పుట్టుకలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. 1500లో వెనిస్‌లో ఆల్డుస్ మానుతియుస్ అనే ముద్రాపకుడు సియెనా కాథరీన్ ఉత్తరాలు అచ్చు వేశాడు. అందులో చెక్కపై చెక్కి అచ్చు వేసిన ఒక బొమ్మలో ఆ సాధ్వి చేతిలో ఒక పుస్తకం, ఒక హృదయం ఉంటాయి. వాటి మీద ఉన్న కొద్ది మాటలే లోకంలో మొదటి ఇటాలిక్ అచ్చు. మరుసటి ఏడాది, 1501లో, వర్జిల్ కావ్యాలు మొత్తం ఆ అక్షరంలో వచ్చాయి, చేతిలో పట్టే చిన్న పుస్తకంగా. ఉక్కు అచ్చులు చెక్కింది ఫ్రాంచెస్కో గ్రిఫో. అతనికి నమూనా ఆ కాలపు పండితులు తొందరలో రాసుకునే చేతిరాత. ఫ్లోరెన్స్‌లో నిక్కోలో నిక్కోలి వంటివాళ్లు పాత గ్రంథాలు నకలు రాసుకునేటప్పుడు కలం పరుగులో పడి కుడికి వాలిన రాత. అప్పట్లో ఇటాలిక్ ఒక మాటని నొక్కి చెప్పడానికి పుట్టలేదు. పుస్తకం పుస్తకమే వాలి ఉండేది. నిటారు అక్షరాల మధ్య ఒక్క మాటని వాల్చి చూపించడం తర్వాతి సంగతి. ఇంకొకటి: ఆల్డుస్ పేజీల్లో చిన్న అక్షరాలన్నీ వాలి ఉంటే పెద్ద అక్షరాలు మాత్రం నిటారుగా నిలబడి ఉండేవి. వాలినవీ నిలబడినవీ ఒకే వరుసలో ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నాయి.

పరిగెత్తే రాత మనకి లేదా? ఉంది. దానికి మనం పెట్టుకున్న పేరు కోర్సివో కన్నా అందమైనది: గొలుసుకట్టు. కలం ఎత్తకుండా, అక్షరానికి అక్షరం ముడివేసుకుంటూ పోయే రాత. కరణాలు లెక్కలు, దస్తావేజులు అందులో రాసేవారు. మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో అలాంటి కాగితం ఒకటి ఉండేది, పొలం తాలూకుది. చిన్నప్పుడు దాన్ని చూస్తే తెలుగులా అనిపించేది కాదు, నల్లదారం చిక్కుపడ్డట్టుండేది. ఊళ్లో ఒక పెద్దాయన వచ్చి, వీధి అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి ఆ దారం చిక్కు తీస్తూ చదివాడు. ఆయన వేలు ఎక్కడా ఆగలేదు. రాసినవాడి చెయ్యి ఎంత వేగంగా పోయిందో అంతే వేగంగా పోయింది. సర్వే నంబరు దగ్గర మాత్రం ఒక్కసారి నిలబడి మళ్లీ కదిలింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. ఆ రాత చదివేవాళ్లు ఏటేటా తగ్గిపోయారు.

గ్రిఫో చేసిన పని మన గొలుసుకట్టుకి ఎవరూ చెయ్యలేదు. అచ్చు తెలుగుకి వచ్చినప్పుడు సీసంలోకి ఎక్కింది విడివిడిగా, తీరుగా కూర్చున్న గుండ్రటి రాత. పనివాడి రాత, తొందర రాత, లెక్కల రాత కాగితం మీదే ఉండిపోయింది. అందుకే ఇవాళ ఇంగ్లీషులో వాలు నొక్కితే అయిదు వందల ఏళ్ల కిందటి ఒక చెయ్యి వచ్చి రాస్తుంది. తెలుగులో అదే మీట నొక్కితే వచ్చి రాసే చెయ్యి లేదు, తోసే లెక్కే ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో మన కోసం ఉన్న మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన వంటి ఫాంట్‌లు శ్రమపడి గీసినవి. వాటికి వాలు రూపం వేరే గీయలేదు. గీయకపోవడం లోపమని నేననుకోను. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇప్పుడు గడి సంగతి. కోడ్ రాసే ఫాంట్‌లో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి ఉంటుంది. ప్లెక్స్ మోనోలో అక్షరపు ఎత్తుని 1000 పాళ్లు చేస్తే గడి వెడల్పు 600 పాళ్లు, ‘ఐ’కీ అంతే, ‘ఎం’కీ అంతే. సన్నటి ‘ఐ’ రెండు పక్కలా పాదాలు చాచుకుని గడి నింపుకుంటుంది. లావుపాటి ‘ఎం’ కాళ్లు దగ్గరకి ముడుచుకుంటుంది. ఇది టైప్‌రైటర్ నుంచి వచ్చిన అలవాటు. మీట నొక్కిన ప్రతిసారీ బండి ఒకే దూరం జరిగేది, అంగుళానికి 10 అక్షరాలు లేదా 12. వరుస కింద వరుస నిట్టనిలువు గళ్లలో నిలబడితే తప్పు ఎక్కడుందో కన్ను పట్టేస్తుంది. 1928లో ఐబీఎం చిల్లుల కార్డుకి 80 నిలువు వరుసలు పెట్టింది, ఆ 80 ఇప్పటికీ కోడ్ రాసేవాళ్ల నోట్లో ఉంది.

పరిగెత్తే రాతని ఇలాంటి గళ్లలో కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. పరుగులో ‘ఐ’ చిన్న అడుగు, ‘ఎం’ పెద్ద అంగ. ఇక్కడ అన్నీ ఒకే కొలత అడుగులు వెయ్యాలి, అయినా పరుగులా కనిపించాలి. 1961 జూలై 31న ఐబీఎం విడుదల చేసిన సెలెక్ట్రిక్ టైప్‌రైటర్‌లో విడి అచ్చుకడ్డీలకి బదులు గోల్ఫ్ బంతంత ఒక బంతి ఉండేది, దాని మీద 88 గుర్తులు. బంతి తీసి ఇంకో బంతి పెడితే అక్షరాల తీరే మారిపోయేది. ఆ బంతుల్లో ఒకటి ఇటాలిక్ 12. మైక్ అబింక్, డచ్ ఫాంట్ సంస్థ బోల్డ్ మండే కలిసి గీయగా 2017లో ప్లెక్స్ అందరికీ ఉచితంగా వచ్చింది. దాని మోనో ఇటాలిక్‌లోని కలం ఒంపులకి స్ఫూర్తి ఆ బంతే. అంటే నా తెర మీది వ్యాఖ్యలో ఫ్లోరెన్స్ పండితుడి చెయ్యి ఉంది, వెనిస్ ఉక్కు ఉంది, గిర్రున తిరిగే బంతి ఉంది. ఇన్ని దాటి వచ్చి కూడా ఆ అక్షరాలు చేతిరాత గుర్తు పోగొట్టుకోలేదు. కోడ్‌లో ఆదేశాలన్నీ నిటారుగా యంత్రంతో మాట్లాడుతుంటే, ‘ఈ వరుస ఎందుకు రాశానంటే’ అని మనిషి మొదలుపెట్టే చోట మాత్రం అక్షరం వాలుతుంది. ఆ ఎంపికని మొదట ఎవరు చేశారో గాని మనసున్న మనిషే అయి ఉండాలి.

గళ్లు మనకీ కొత్త కాదు. ఆదివారం అనుబంధంలో గళ్లనుడికట్టు పూరించేవాళ్లని అడగండి. ‘ర’ ఒక గడి, ‘స్త్రీ’ కూడా ఒక గడే. కంప్యూటర్ లోపల ‘స్త్రీ’ ఆరు సంకేతాల మూట: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. నుడికట్టు ఆడేవాళ్లకి ఆ లెక్కతో పని లేదు, అక్షరం అంటే నోట ఒక్క పలుకు. ఉత్పలమాల పాదానికి 20, చంపకమాలకి 21 అని లెక్కపెట్టేదీ అదే అక్షరాన్ని. బంధకవిత్వంలో చక్రంలోనూ నాగుపాము చుట్టల్లోనూ అక్షరాల్ని గళ్లలో అమర్చినవాళ్లదీ అదే లెక్క. ఇంగ్లీషు గడి కాగితం మీది వెడల్పుని సమం చేస్తే, తెలుగు గడి పలుకుని సమం చేసింది. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ తెరల్లో తెలుగు ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగిపోతున్నప్పుడు నాకు నుడికట్టు గుర్తొస్తుంది. అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలిసిన గడి లెక్క ఆ తెరకి తెలియదు.

ఇక మేం వాడిన ఫాంట్ పేరులోని లైట్ అనే మాట మీద ఎక్కువ సేపు ఉండను. ఇంగ్లీషువాళ్లు అక్షరాన్ని తూకం వేస్తారు, మనం చుట్టుకొలత చూస్తాం. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లు బోల్డ్‌ని బొద్దు అంటారు, బొద్దుగా ఉన్న పసిపిల్లలాగా. అలాంటప్పుడు లైట్‌కి తేలిక కన్నా సన్న అనడమే న్యాయం. తేలిక నీటి మీద తేలే దాని గుణం. సన్న అంటే సన్నబియ్యం, సన్నజాజి, సన్నటి వాన. నల్లటి తెర మీద తెల్లటి గీత ఉన్నదానికన్నా కాస్త ఉబ్బి కనిపిస్తుంది కాబట్టి అక్కడ సన్న అక్షరమే కంటికి హాయి.

తెలుగుకి వాలు రూపం లేకపోవడం లోపమని అనుకోనని చెప్పాను. ఇంగ్లీషు కథని తెలుగు చేసేటప్పుడు నాకు తరచూ ఎదురయ్యే సంగతి ఇది. సంభాషణలో ఒక మాట ఇటాలిక్‌లో ఉంటుంది, ‘నువ్వు’ అనే మాట అనుకోండి. అక్కడ గొంతు పెంచి చదవమని రచయిత సైగ. దాన్ని తెలుగులో వాల్చి పెడితే పాఠకుడికి ఏమీ వినిపించదు. “నువ్వే” అని రాస్తే వినిపిస్తుంది. “రాముడు వచ్చాడు”, “రాముడే వచ్చాడు”, “రాముడు రానే వచ్చాడు”, “రాముడు మాత్రం వచ్చాడు”. వాళ్లు అక్షరాన్ని వాల్చి చేసే పనిని మనం ఒక్క ఏత్వంతో, ఒక్క చిన్న మాటతో చేస్తాం. నొక్కు మన భాషలో వ్యాకరణంలోనే ఉంది, ముద్రాపకుడి పెట్టె దాకా వెళ్లాల్సిన అవసరం లేకపోయింది. పత్రికల్లో వేరే చూపాల్సి వస్తే కొటేషన్ గుర్తులో బొద్దు అక్షరమో సరిపోయాయి.

మన పిల్లల నోటు పుస్తకాలు చూడండి. నాలుగు గీతల కాపీలో కర్సివ్ రాసే చెయ్యి అక్షరాన్ని కుడికి వాలుస్తుంది. అదే చెయ్యి, అదే పెన్ను, పక్కనే తెలుగు పుస్తకం తీయగానే నిటారుగా గుండ్రాలు చుడుతుంది. దీనికి మనకి ఇంకో మాట ఉంది, వాటం. మేస్త్రీ గచ్చు చేసేటప్పుడు నీళ్లు పోవడానికి తూము వైపు వాటం ఇస్తాడు. అక్కడ వాటం అంటే వాలు. ఎడమచేతి వాటం అన్నప్పుడు అదే మాట అలవాటు. పుట్టుకతో వచ్చిన మొగ్గు. ప్రతి రాతకీ దాని వాటం దానికుంటుంది. ఇంగ్లీషు రాతకి కుడివైపు వాటం ఉంది. తెలుగు వాటం చుట్టూ తిరిగి మొదలైన చోటికి రావడం.

ఎవరైనా ఒక రోజు గొలుసుకట్టు కాగితాలు ముందేసుకుని, కరణం చేతి పరుగుని గమనించి, తెలుగుకి తనదైన పరుగు రూపం గీస్తే నేను మొదటి రోజే మా పాఠాల్లో పెడతాను. అది కుడికి వాలుతుందో, వాలకుండా ఒకదాన్నొకటి చేతులు పట్టుకుంటుందో ఆ కాగితాలే చెప్పాలి.

అప్పటిదాకా చెయ్యాల్సిన పని చిన్నదే. వెబ్ పేజీల భాషలో ఫాంట్-సింథసిస్ అని ఒక లక్షణం ఉంది. లేని రూపాన్ని సొంతంగా తయారు చెయ్యొద్దని బ్రౌజర్‌కి చెప్పడానికి అది. అబ్బాయికి చూపించాను. ఒక్క వరుస రాసి పేజీ మళ్లీ తెరిచాడు. పైన ఇంగ్లీషు వ్యాఖ్య ఎప్పటిలా వాలి ఉంది. కింద తెలుగు లేచి నిలబడింది, తలకట్లు తలల మీదికి వచ్చాయి, వత్తులు వాటి వాటి అక్షరాల కిందికి చేరాయి.

“రెండూ వేరేవేరేగా ఉన్నాయి కదక్కా, పర్లేదా?” అన్నాడు.

ఆల్డుస్ పేజీ ఒకటి తెరిచి, వాలిన వరుసల మొదట్లో నిటారుగా నిలబడ్డ పెద్ద అక్షరాల్ని చూపించాను. కాసేపు చూసి, తన కుర్చీలో వెనక్కి వాలి, తర్వాతి వ్యాఖ్య తెలుగులో టైప్ చేయడం మొదలుపెట్టాడు.